తాతయ్యకు ఐదు అవమానాలు

ఆ ఉగాది నాటికి నేను ఏడో తరగతి. మా ఊరు మొగల్తూరు దగ్గర. పొద్దున్నే వేపపువ్వు పచ్చడి తిని, ఇంటిల్లిపాదీ రామాలయంలో పంచాంగం వినడానికి వెళ్ళాం. తాతయ్య రాశికి ఆ ఏడాది రాజపూజ్యం ఒకటి, అవమానం ఐదు అని పంతులుగారు చదివారు.

తాతయ్యను ఊళ్ళో ఎవరూ పల్లెత్తు మాట అని ఎరగరు. ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డారు.

"ఎప్పుడు ఎవడేమంటాడోనని ఏడాది పొడుగునా బిక్కుబిక్కుమంటూ బతకాలా?"

మామ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. "ఏడాదంతా ఎందుకండీ? ఇవాళే ఇంట్లో కానిచ్చేస్తే పోలా?"

ఆమె వేళాకోళం ఆడటం లేదు. తాతయ్య కూడా ఆ మాట సబబేనన్నారు. కండువా సర్దుకుని కుర్చీలో నిటారుగా కూర్చుని, ముందు పాలేరును పిలిచారు.

"నన్ను తిట్టరా."

"అమ్మో, నావల్ల కాదండి."

"పండగపూట నా మాట కాదంటావా?"

అతను చేతులు కట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "తమరు ఒట్టి దద్దమ్మండి. ఆయ్."

"అండి అంటే అవమానం ఎలా అవుద్దిరా? మళ్ళీ అను."

మూడుసార్లు ప్రయత్నించి, చివరికి "దద్దమ్మ" అనేసి, తాతయ్య కాళ్ళకు దండం పెట్టి దొడ్లోకి పరుగెత్తాడు.

అమ్మ తలుపు చాటునుంచి, "మామయ్యగారూ, మీకు పేకాట రాదండి" అంది. తాతయ్య ముఖం మాడిపోయింది. అండి ఉన్నా ఇది చెల్లుతుందన్నారు. "మీరు స్కూటర్ నడుపుతుంటే ఊరంతా నవ్వుతుంది నాన్నగారూ" అన్నారు నాన్న. "ఊరంతానా?" అని తాతయ్య రెండుసార్లు అడిగారు. నేను "ఒరేయ్" అన్నాను. ఆయనకు నవ్వొచ్చింది. నవ్వితే లెక్కలోకి రాదని మామ్మ నాచేత మళ్ళీ అనిపించింది.

ఐదోది మామ్మే అంది.

"పూజలో మీరు పాట ఎత్తుకోగానే నేను చెవుల్లో దూది పెట్టుకుంటానండి. పెళ్ళయిన దగ్గర్నుంచీ."

ఎవరం నవ్వలేదు. తాతయ్య లేచి లోపలికి వెళ్ళిపోయారు. మామ్మ బూరెల మూకుడు దగ్గర కూర్చుందిగానీ, చేతిలో పిండి అలాగే ఉండిపోయింది.

మర్నాడు పూజ నిశ్శబ్దంగా జరిగింది. ఆ మర్నాడూ అంతే. మూడోరోజు కూడా పాలేరు ఖాళీ చెంబుతోనే వచ్చాడు. "పాట లేకపోతే గేదె పాలు చేపట్లేదండి. ఇన్నాళ్ళూ అయ్యగారు పాడేటప్పుడే పితికేవోణ్ణి."

మామ్మ దేవుడి గది గుమ్మం దగ్గరకు వెళ్ళి నిలబడింది. "గేదె కోసమైనా పాడండి."

"నీ కోసం పాడను."

"వద్దులెండి. గేదె కోసమే."

తాతయ్య మడిబట్టతోనే పశువుల పాకలోకి వెళ్ళి గొంతెత్తారు. గేదె చేపింది. అప్పట్నుంచి ఆయన అక్కడే పాడేవారు. ఇంట్లో వాళ్ళకంటే అక్కడ వినేవాళ్ళు నయం అనేవారు.