కుంటాల్సిన కాలు

ఒంట్లో ఏ భాగం ఎక్కడుందో, అది నొప్పి పెట్టేదాకా తెలియని రోజులు కొన్ని ఉంటాయి. నాకవి ఇరవై మూడేళ్ల దాకా సాగాయి. అప్పట్లో నేను బేగంబజార్‌లో ఒక స్టీలు సామాన్ల దుకాణంలో పనిచేసేవాణ్ణి. హుస్సేనీ ఆలంలో మూడో అంతస్తు మీద ఒంటి గది. పగలంతా గిన్నెల చప్పుడు, మనుషుల లొల్లి. షట్టరు పడ్డాక నాతో మాట్లాడేవాళ్లు ఒక్కరూ ఉండేవారు కాదు. శనివారం సాయంత్రం మూసిన నోరు సోమవారం పొద్దున తెరిస్తే, మొదటి మాట బొంగురుగా వచ్చేది. అందుకే దుకాణం వాళ్లు ఆదివారం క్రికెట్‌కు మనిషి తక్కువయ్యాడంటే, నేను కాలేజీలో పరుగుపందెం ఛాంపియన్‌నని చెప్పేశాను. (నిజానికి నేను పరిగెత్తింది బస్సుల వెనకే. అవీ చాలావరకు దొరకలేదు.)

ఒళ్లు వేడెక్కించుకోవాలనే జ్ఞానం కూడా లేకుండా బ్యాటు పట్టుకున్నాను. మొదటి బంతికే పరుగు. సగం దూరం వెళ్లేసరికి ఎడమ తొడ వెనక రబ్బరు తెగినట్టు టప్పుమంది. బోర్లా పడ్డాను. దుకాణంలో అందరికంటే పాతవాడు, మేమంతా పెద్దన్న అని పిలిచే ఆయన, వచ్చి తాపీగా చూశాడు. "లే రా, ఔటైనవ్. గట్ల పండుకుంటే మల్ల బ్యాటింగ్ ఇస్తమనుకున్నవా?" తరవాత లేవలేనని తెలిసి, పాపం, ఇద్దరు కలిసి నన్ను గది దాకా మోసుకొచ్చి, మంచం మీద పడేసి, మిగతా ఆట ఆడటానికి వెళ్లిపోయారు.

మర్నాడు చాయ్ హోటల్ ఆయన సలహా మీద ఒక మాలిష్ పహిల్వాన్ను పిలిపించుకున్నాను. ఆయన వేడి నూనెతో గట్టిగా రుద్దాడు. సాయంత్రానికి నా తొడ వంకాయ రంగులోకి తిరిగింది. ఆటోలో డాక్టరు దగ్గరికి పోతే ఆయన తల పట్టుకున్నాడు. "కండరం గుంజుకపోయి లోపల పోగులు తెగినయ్. చీర పోగులు తెగితే ఎవడన్న రుద్దుతడా? మాలిష్ బంద్. ఐస్ గుడ్డల చుట్టి పావుగంట పెట్టు, కాలు దిండు మీద ఎత్తిపెట్టు. నొప్పి తగ్గినకొద్ది జర జర మడుచుడు, సాపుడు. నేను చెప్పేదాంక ఉరుకుడు లేదు."

అలా గదిలో పడ్డాను. దుకాణం వాళ్లు రెండుసార్లు ఫోన్ చేసి మానేశారు. అమ్మతో మాత్రం "మ్యాచ్ గెలిచాం" అని చెప్పాను. నాలుగో రోజు కింద వాకిట్లోంచి కేక వినిపించింది. "ఓ బేటా, బుట్ట దించు." ఇంటి యజమానురాలు. గల్లీ అంతా పిన్నీ అన్నట్టు ఖాలా అనేది ఆమెను. ఒంటరి మనిషి, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేనని చెప్పేది. నేను కిటికీలోంచి తాడు కట్టి దించిన కూరగాయల బుట్టలో ఖిచిడీ, తువ్వాలులో చుట్టిన ఐసు పెట్టింది. ఆ రోజు నుంచి పూటకోసారి బుట్ట దిగేది. ఆమె కింద నుంచి, నేను కిటికీలోంచి అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్లం. దాంతో నా తొడ సంగతి గల్లీకంతా తెలిసిపోయింది. పాలు పోసే ఆయన కూడా తలెత్తి, "ఇయ్యాల మోకాలు ఎంత మడిచినవే?" అని అడిగి పోయేవాడు. అంతమంది నన్ను పట్టించుకోవడం ఆ ఊళ్లో అదే మొదలు.

నాలుగో వారానికి నొప్పి పోయింది. అదే వచ్చిన చిక్కు. కాలు బాగైతే బుట్ట ఎందుకు దిగుతుంది? అందుకని ఇంకొన్నాళ్లు కుంటుతూనే ఉన్నాను. గోడ పట్టుకుని, మూలుగుతూ, మెట్టు మెట్టుకీ ఆగుతూ. ఒకరోజు వాకిట్లో బియ్యం ఏరుతున్న ఖాలా చేట మీంచి తల ఎత్తకుండానే అంది. "బేటా, దెబ్బ తాకింది ఎడమ కాలుకు గదా. మూడు రోజుల సంది కుడికాలు కుంటుతున్నవ్."

భూమి చీలితే దూరిపోయేవాణ్ణి. ఖాలా నవ్వలేదు. పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఫికర్ జెయ్యకు. నా మోకాళ్ల నొప్పి తగ్గి ఆరు నెలలైంది. అయినా వారం వారం దవాఖానకు పోత. ఆడ నర్సమ్మ 'ఎట్లున్నవ్ ఖాలా' అని అడుగుతది. నొప్పి లేదంటే మల్ల రావద్దంటది గద."

కూర్చుని ఆమెతో పాటు బియ్యం ఏరాను. మధ్యాహ్నం నేల మీద గుడ్డ పరిచి, ఇద్దరం ఆ ఒకే దస్తర్‌ఖాన్ మీద అన్నం తిన్నాం.

నలభైకి దగ్గరపడుతున్నాను ఇప్పుడు. ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. "ఒక్కణ్ణే ఉన్నా, పొద్దు పోతలేదు" అనే చిన్న మాట నోట రాక, ఒక కాలు పాడుచేసుకుని, రెండో కాలుతో అబద్ధమాడాడు. ఆ మాట నాకు ఇప్పటికీ సరిగా అనడం రాదు. కాకపోతే ఎదుటివాళ్లు దాన్ని దాచుకుంటే మాత్రం, వాళ్ల నడక చూసి కొంత పోల్చుకోగలుగుతున్నాను.