ఊడుగ పొదకు చుట్టాలెవరు?

లింగమూర్తి సారుకు చెట్టు కనిపిస్తే చాలు, దాని చుట్టాలెవరో చెప్పందే కాళ్లు కదలవు. బెల్లంపల్లిలో బొగ్గుబాయి క్వార్టర్ల పక్కనున్న బడిలో ఆయన సైన్సు చెప్పేవాడు. బడిలోనే చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కనపడిన ప్రతివాడికీ చెప్పేవాడు. అందరికంటే ఎక్కువ విన్నది ఆయన భార్య బాలలక్ష్మి.

పెళ్లయిన కొత్తలో ఆమె ముచ్చటపడి గుత్తివంకాయ చేసింది. సారు ఒక ముద్ద తిని సంతోషంగా తలూపాడు.

“వంకాయ, మిరపకాయ, ఆలుగడ్డ, పొగాకు, అన్నీ ఒక్క ఇంటివే, ఎరుకేనా? ఉమ్మెత్త గూడ వీళ్ల చిన్నాయన కొడుకే.”

“ఉమ్మెత్తనా? తింటే పిచ్చి లేస్తదంటరు గదా!”

“గదే.”

ఆమె తన కంచం పక్కకు జరిపింది. మళ్లీ ఆ ఇంట్లో వంకాయ వండడానికి చాలా రోజులు పట్టింది.

ఒకసారి మంచిర్యాల బస్సులో పక్కనున్నాయన మామిడిపండు జుర్రుకుంటున్నాడు. సారు ఆగలేకపోయాడు.

“అన్నా, చాకలోళ్లు బట్టలకు గుర్తు పెట్టే జీడిగింజ ఉంటది చూడు, ఒంటికంటితే బొబ్బలొస్తయి. నీ మామిడికి అది సొంత చెల్లె.”

ఆయన జుర్రడం ఆపాడు. “తినొద్దంటవా సారూ?”

“తిను, తిను. చుట్టరికం చెప్పిన, గంతే.”

ఆయన లేచి వెనక సీటుకు పోయాడు. బాలలక్ష్మి ఈ మనిషెవరో తనకు తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఇన్ని చెట్లకు వరసలు కలిపిన సారును వాగొడ్డున ఉన్న ఊడుగ పొద మాత్రం ఓడించింది. ఎండలు ముదరకముందే అది ఆకులన్నీ రాల్చుకొని, ముళ్లకొమ్మల నిండా తెల్లగా పూస్తుంది. దాని కుటుంబం మరీ చిన్నది. లోకమంతా గాలించినా గుప్పెడు రకాలే. అవి ఏ పెద్ద కుటుంబం నుంచి చీలి వచ్చాయో పండితులకే పొంతన కుదరలేదు. ఒకరు వాటిని చలిదేశాల పొదలతో కలిపారు. ఇంకొకరు విడదీసి వేరు కాపురం పెట్టించారు.

“పువ్వు ఒక మాట చెప్తది, కాయ ఒక మాట చెప్తది,” అని సారు వాపోయేవాడు. “ఎవ్వరు లేకుంట ఎట్ల పుడ్తదే? లచ్చల ఏండ్ల కింద దీనికి గూడ ఒక అవ్వ ఉండే. మనకు దొరుకుతలేదు, గంతే.”

“దొరికినంక బట్టలు పెడుదాం తియ్యిండ్రి. ముందుగాల తానం చెయ్యిండ్రి,” అనేది బాలలక్ష్మి.

వాళ్ల పక్క గదిలో దవాఖాన నర్సు నర్మద అద్దెకుండేది. పసిగుడ్డుగా భైంసా పత్తి బజారులో దొరికితే ఎవరో దంపతులు పెంచారు. వాళ్లూ కాలం చేశారు. బొగ్గుబాయిలో పనిచేసే ఇస్తారి చేతికి దెబ్బ తగిలి ఆమె దగ్గర కట్టు కట్టించుకున్నాడు. దెబ్బ మానింది కానీ అతని రాక మానలేదు. అతని తల్లి కొమురవ్వకు పిల్ల నచ్చింది. చిక్కంతా ఆమె మరిది హనుమండ్లుతోనే. ఆయన సరే అంటే తప్ప ఆ ఇంట్లో ఏ పనీ జరగదు.

ఒక ఆదివారం పొద్దున అందరూ బాలలక్ష్మి ఇంట్లో మాటకు కూర్చున్నారు.

“పిల్ల మంచిదే,” అన్నాడు హనుమండ్లు. “కాని ఎవలింటి పిల్ల? రేపు లగ్గంల గంపల పెట్టుకొని తెచ్చే మేనమామ ఎవలు? ఎవలు లేని పిల్లను చేసుకుంటే నలుగురిల నా ముఖమేం గావాలె?”

చాయ్ తెచ్చిన నర్మద తలుపు దగ్గరే ఆగిపోయింది. ఇస్తారి తల పైకెత్తలేదు.

సరిగ్గా అప్పుడే సారు భుజాన ఊడుగ కొమ్మతో వాగు నుంచి వచ్చాడు. ‘అయిపాయె, ఇగ మొదలుపెడ్తడు’ అనుకుంది బాలలక్ష్మి. సారు కొమ్మను గోడకానించి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

“ఎవలు లేరని ఎవలన్నరు? మేనమామను నేనుండంగ!”

“మీరా?” అన్నాడు హనుమండ్లు.

“మా అవ్వ మేనత్తను భైంసా ఇచ్చిండ్రు. రైలు టేషన్ ఎన్కనే ఇల్లు. గా మేనత్త తోటికోడలి తమ్ముని బిడ్డను మా పెద్దబాపు బామ్మర్ది కొడుక్కు చేసిండ్రు. వాళ్ల నడిపి బిడ్డ నాకు వరసకు అక్క. గా అక్క బిడ్డనే గీ నర్మద.”

హనుమండ్లు వేళ్లు మడుస్తూ తోటికోడలి దగ్గర దారి తప్పాడు. “జర మల్ల చెప్పుండ్రి సారూ.”

సారు మళ్లీ చెప్పాడు. ఈసారి తోటికోడలి తమ్ముడు కాస్తా అన్న అయ్యాడు. హనుమండ్లు గమనించలేదు.

“మనోళ్లేనా మరి?”

“మనోళ్లే.”

“గడ్డిపోసకు గూడ తప్పు చుట్టరికం చెప్పని సారు మనిషికి చెప్తడా! కానియ్యుండ్రి,” అన్నాడు హనుమండ్లు.

బాలలక్ష్మి చక్కెర తెచ్చే నెపంతో లోపలికి పరుగెత్తింది. సారు అవ్వకు, అంటే తన అత్తగారికి, మేనత్తే లేదని ఆమెకు తెలుసు. వెనకే నర్మద వచ్చింది.

“అక్కా, సారు చెప్పింది నిజమేనా?”

“ఇయ్యాల్టిసంది నిజమే. ఇగ నన్ను అక్క అనకు, అత్త అను.”

పెళ్లినాడు సారు పెళ్లికూతురి గంప ఎత్తి, ఆయాసపడుతూ, ఎవరినీ చెయ్యి వేయనివ్వకుండా పందిట్లోకి తెచ్చాడు. బంతి భోజనాల దగ్గర కొమురవ్వ బాలలక్ష్మిని పక్కకు పిలిచింది.

“చెల్లె, నేను పుట్టింది భైంసాలనే.”

బాలలక్ష్మి చుట్టూ చూసి, ఆమెను ఇంకాస్త పక్కకు లాగింది.

“మా ఊరికి రైలే రాదు. టేషన్ యాడిది?”

“మరి గప్పుడే ఎందుకడగలే అక్కా?”

“ఎందుకడుగుత? నాకు కోడలు కావాలె, మా మరిదికి మేనమామ కావాలె. ఇద్దరి పని అయిపాయె.” కొమురవ్వ పందిట్లోకి తొంగి చూసి గొంతు తగ్గించింది. “సారుకు మాత్రం చెప్పకు. సిగ్గుపడి మల్ల అబద్ధమాడడు. నా చిన్న కొడుక్కు ఒక పిల్లను చూసిన. ఆ పిల్లకు గూడ ఎవలు లేరు.”