ఆంటీకి చీప్‌గా కనిపించిన కెమెరా పట్టీ

ఒళ్లు మండిపోతోంది, అందుకే ఇంటికి రాగానే రాస్తున్నాను.

మొన్న నా కెమెరా పట్టీ తెగింది. కొత్తది కొనడానికి ఈ పరాయి దేశంలో స్టూడెంట్ బతుకు ఒప్పుకోదు. అందుకని అమ్మ సూట్‌కేసులో పెట్టి పంపిన లంగా బొందులు మూడు తీసి, జడలా అల్లి కెమెరాకు కట్టుకున్నాను. ఇటుక వేలాడదీసినా తెగదు.

ఈ రోజు ఇక్కడి టూంగాబీ పేటలో మా చర్చి ఆంటీ కూతురి పుట్టినరోజు. "మన పిల్లే కదా" అని ఫొటోలు నాకు అప్పగించారు. నేను హాల్లో అడుగు పెట్టగానే ఆంటీ నా మెడ చూసి అందరి ముందూ పకపకా నవ్వారు.

"ఏంటమ్మా, లంగా బొందు మెళ్లో వేసుకొచ్చావు? గెస్టులొస్తారు, చీప్‌గా ఉంటది. తీసెయ్."

తీసి బ్యాగులో పడేశాను.

కేక్ కోసే ముందు ఆవిడే నన్ను బాత్రూమ్‌లోకి పిలిచారు. కుచ్చిళ్లు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు. లంగా బొందు పుటుక్కున తెగిందట.

"అమ్మా, ఇందాకటిది ఉందా?"

నేనే ఆ పట్టీ తీసి లంగా మీదుగా బిగించి కట్టాను. ఆవిడ కేక్ కోయించి, డాన్సు కూడా చేశారు. నేను మాత్రం చేతులు పీకేలా కెమెరా మోశాను. వెళ్లేటప్పుడు నా పట్టీ అడిగితే, "బొందు ముక్క కూడా అడుగుతావా?" అన్నారు, మళ్లీ అందరి ముందే.

ఇప్పుడే మెసేజ్ పెట్టారు, ఫొటోలు ఈ రాత్రికే కావాలట. బొందు ఇంటికొచ్చాకే ఫొటోలు పంపుతానని రాసి ఉంచాను. సెండ్ నొక్కమంటారా?