ఇటలీ సిపాయి చుక్క

ఇప్పటికీ నేను పుట్టి పెరిగిన కొత్తవాడ వైపు వెళితే పాతవాళ్లెవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "మీ బాపు ఇటలీ కెప్టెన్‌ను పట్టుకున్నడు గదా, ఆ ముచ్చట జర చెప్పు" అని. నాకు ఒళ్లు మండిపోతుంది. మా బాపు ఎవరినీ పట్టుకోలేదు. ఆ ఇటలీ మనిషి కెప్టెనూ కాదు. ఈ రెండు మాటలూ చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పెట్టిందే గాని ఒక్కరి చెవికీ ఎక్కలేదు.

బాపు దగ్గర ఇటలీ సైన్యపు చుక్క ఒకటి ఉండేది. ఐదు కొనల నక్షత్రం, తెల్ల లోహంతో చేసినది, బొటనవేలి గోరంత. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బాపు జంపఖానాల మగ్గం వదిలేసి పటాలంలో చేరాడు. యుద్ధానికి పంపుతారనుకుంటే బెంగుళూరు వైపు ఒక ఖైదీల క్యాంపుకు కాపలా పెట్టారు. ఖైదీలంతా ఇటలీ సైనికులు. తుపాకీ భుజాన వేసుకుని ముళ్లకంచె పక్కన అటూ ఇటూ తిరగడమే ఆయన చేసిన యుద్ధం.

ఒకరోజు బాపు తువ్వాలు ముళ్లతీగకు చిక్కి అంచు చిరిగింది. కంచె అవతల ఉన్న ఒక ఖైదీ ఇలా ఇవ్వమని చెయ్యి చాచాడు. తెగిన పోగులను ఒక్కొక్కటే వేళ్ల మధ్య మెలిపెట్టి ముడులు వేశాడు. మగ్గం మీద పోగు తెగితే మా ఇంట్లో వేసే ముడి కూడా అచ్చం అదే. బాపు మాట అతనికి అర్థం కాదు కదా. పడుగు మధ్య అటూ ఇటూ పోగును మోసే నాడెను చేత్తో విసిరినట్టు చూపిస్తే, అతను రెండు కాళ్లతో మగ్గం తొక్కినట్టు చూపించి పెద్దగా నవ్వాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ దోస్తులు. యుద్ధం అయిపోయి ఖైదీలను ఇంటికి పంపే ముందు అతను తన కాలరుకున్న రెండు చుక్కల్లో ఒకటి పీకి బాపు చేతిలో పెట్టాడు. రెండోది తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఇదీ కథ. చిన్నప్పుడు నేను కూడా అడిగాను, చుక్క ఉందంటే ఆఫీసరే కదా అని.

"కాదు బిడ్డా. వాళ్ల పటాలంల చుక్క అందరికీ ఉంటది. జనరల్‌కు ఉంటది, రొట్టెలు కాల్చేటోనికి ఉంటది. పటాలం మనిషి అని గుర్తు, గంతే. పెద్దోడా చిన్నోడా అన్నది అంగి చేతిమీద గీతలు చూస్తె తెలుస్తది. నా దోస్తు చేతిమీద ఒక్క గీత లేదు."

ఆ చివరి మాట ఆయన ఎంతో గర్వంగా అనేవాడు.

డెబ్బైల మధ్యలో నేను హన్మకొండలో టైపు నేర్చుకుంటున్నాను. మా వాడ కుర్రాళ్లు ఆగస్టు పదిహేనుకు నాటకం వేయాలని తీర్మానించారు. రాసేదీ ఆడించేదీ ఒక్కరే, మునిసిపాలిటీలో గుమాస్తా. నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయన ఒకనాడు మా ఇంటికొచ్చి, మగ్గం పక్కనే గొంతుక్కూర్చుని, "కాకా, ఈసారి నీ కథే ఆడతం. నిన్ను స్టేజి మీద కూసోబెట్టి సన్మానం చేస్తం" అన్నాడు. పెళ్లినాడు తప్ప బాపు మెడలో ఎవరూ దండ వేసి ఎరగరు. ఆయన ముఖం చూసి నాకే కళ్లు చెమర్చాయి.

"ఒక్కటే మాట బిడ్డా. నా దోస్తు సిపాయి. సిపాయిగనే చూపియ్యాలె" అన్నాడు బాపు.

"గంతేనా? ఫికర్ చెయ్యకు కాకా."

నాటకం టైపు చేసే పని నాకు పడింది. మొదట ఇచ్చిన కాగితాల్లో సిపాయే ఉన్నాడు. తిరగరాసి తెచ్చేసరికి హవల్దారయ్యాడు. అడిగితే, "కథకు జర బరువు రావాలె చెల్లె" అన్నాడు అన్న. అంతలో బట్టల దుకాణం సేటు కొడుకు హీరోగా వచ్చాడు. లైట్లకూ మైకుకూ పెట్టుబడి వాళ్లదే. ఇటలీ ఖైదీ వేషం ఆయనదే, కాని హవల్దారుగా వెయ్యనన్నాడు. నా టైపు మిషన్ మీదే హవల్దారు కెప్టెనైపోయాడు. అసలు సైన్యంలోనైనా ఇంత తొందరగా ప్రమోషన్లు ఇస్తారా అని నాకు అనుమానం.

తువ్వాలు ముడివేసే రంగం తీసేశారు. "స్టేజి మీద పోగులు ముడేస్తె ఎనక కూసున్నోళ్లకు ఏం కనవడతది?" అని అన్న వాదన. దాని బదులు కెప్టెన్ కత్తి దించి లొంగిపోతాడు, కాపలా సిపాయి, అంటే మా బాపు, అతని హోదాకు గౌరవంగా సెల్యూట్ కొడతాడు.

"బాపు ఆయనకు సలామే కొట్టలేదన్నా! ఇద్దరూ ఒకే బీడీ తాగిన్రు" అన్నాను.

"చుక్క ఉన్నదంటే ఆఫీసరే చెల్లె. మనకు తెల్వదా? ఎస్సైకి రెండు, సర్కిల్‌కు మూడు."

"అది ఇటలీ పటాలం. మన పోలీస్ ఠాణా కాదు."

"కాకకు వయసు మీదవడ్డది. మర్చిపోయుంటడు."

ఇంత వెడల్పు పడుగులో ఒక్క పోగు తప్పితే కళ్లు మూసుకుని వేలితో పట్టుకునే మనిషికి మతిమరుపట! ఇంటికి పరుగెత్తుకెళ్లి, చుక్క ఇవ్వద్దని బాపుతో చెప్పాను. వేషానికి అసలు చుక్కే కావాలని నాటకంవాళ్లు అప్పటికే అడిగి ఉన్నారు. బాపు పెట్టె తెరిచి దాన్ని పాత గుడ్డలో చుడుతున్నాడు.

"పిలగాండ్లు ఇంత కష్టపడతాన్రు. కాదంటె ఏం బాగుంటది? నాకు మైకిస్తరు గద, అప్పుడు నేనే చెప్త."

ఆ మెత్తదనం చూసి నాకు ఆయన మీదా కోపం వచ్చింది. అన్నం కూడా తినలేదు. ఆ వారమంతా మగ్గం చప్పుడులో బాపు గొణుక్కోవడం వినిపించేది. "నా దోస్తు వట్టి సిపాయి. నా లెక్కనే మగ్గం మనిషి." నాడె అటు పోతే ఒక మాట, ఇటు వస్తే ఒక మాట.

ఆగస్టు పదిహేను సాయంత్రం బడి ఆవరణలో నాటకం. హీరో వచ్చాడు. రెండు భుజాల మీదా మూడేసి చుక్కలు. కుడి భుజం మీద నడిమిది మాత్రం మా బాపుది, మిగతావన్నీ రేకువి. మా బాపు వేషం వేసిన అబ్బాయి బూటు నేలకేసి కొట్టి సెల్యూట్ చేస్తే ఈలలు మోగిపోయాయి. ముందు వరుసలో బాపు చప్పట్లు కొట్టలేదు. హీరో ఎటు కదిలితే అటు ఆ కుడి భుజాన్నే చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత దండ వేసి మైకిచ్చారు. బాపు గొంతు సవరించుకున్నాడు.

"నా దోస్తు కెప్టెన్ కాదు. వట్టి సిపాయి. నా లెక్కనే మగ్గం మనిషి."

హమ్మయ్య, చెప్పేశాడు అనుకున్నాను. అన్న ఆనందంతో ఊగిపోతూ మైకు లాక్కున్నాడు.

"చూసిన్రా! ఎంత పెద్ద మనసు! అంత పెద్ద కెప్టెన్‌ను పట్టుకున్న మనిషి, జరంత గూడ గొప్ప చెప్పుకుంటలేడు!"

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "అది కాదు బిడ్డా, నిజంగనే..." అని బాపు అంటుండగానే పాట రికార్డు పెట్టేశారు. నేను ఆడవాళ్ల వైపు నుంచి లేచి అరిచాను. పక్కనున్న పెద్దమ్మ నా చెయ్యి పట్టి కిందికి లాగింది. "కూసో పిల్లా! మీ బాపుకు సన్మానమైతాంది, మొత్తుకుంటవేంది?" అంది. నా బతుకులో అంత చేతకానితనం ఇంకెప్పుడూ అనిపించలేదు.

మర్నాడు చుక్క తిరిగి ఇవ్వడానికి అన్న స్వయంగా వచ్చాడు, మిఠాయి పొట్లంతో సహా. బాపు గుడ్డ విప్పాడు. లోపల ఒక రేకు పట్టీ, దాని మీద వరసగా మూడు చుక్కలు. ఆటలో ఊడిపడకుండా రేకు పెట్టెలు చేసే దుకాణంలో బిగించారట. మా చుక్కకు సరిగ్గా నడుమ తూటు పొడిచి, మేకు దించి, వెనక నుంచి సుత్తితో చదును చేశారు.

"ఇగ ఎన్నటికీ ఊడదు కాకా!" అన్నాడు అన్న. పాపం, అతనికి అది మంచిపనే.

అతను వెళ్లగానే నేను పట్టీ పట్టుకుని ఆ దుకాణానికి పరుగెత్తాను. మేకు పీకితే చుక్క రెండు ముక్కలవుతుందన్నాడు దుకాణం ఆయన. ఏడుస్తూ తిరిగొచ్చాను. ఇక నుంచి ఇది చూసినవాళ్లకు మేం ఏమని చెప్పాలి, ఎవరు నమ్ముతారు అని బాపు మీద విరుచుకుపడ్డాను. ఆయన పట్టీని అందుకుని, తలకిందులు చేసి, వెనక రేకును వేలితో తడిమాడు. దోస్తు ఇచ్చిన చుక్క వెనక వైపు ఇక వేలికి తగలదు.

"ఇంకో చుక్క వాని కాడ ఉన్నది గద. ఆడ వాడు సిపాయిగనే ఉన్నడు" అన్నాడు. పట్టీని మళ్లీ ఇటు తిప్పి మూడు చుక్కలూ చూసి, "ఈడ కెప్టెనైండు. ఇప్పుడు ఎదురైతె నేను సలాం కొట్టాలె బిడ్డా" అన్నాడు.

ఆ పట్టీని నా చేతిలో పెట్టి మగ్గం గుంటలోకి దిగాడు. ఆ కథ మళ్లీ ఆయన నోట వినలేదు.