అమ్మ చెప్పిన సమితులు, నేను చెప్పని మాట

మా చిన్నప్పుడు... ఈ దేశానికి వచ్చిన కొత్తలో, షామ్‌బర్గ్ అనే ఊళ్లో మా అపార్ట్‌మెంట్ డైనింగ్ టేబుల్ దగ్గర అమ్మ చేతి గాజు ఒకటి తీసి, పోస్టులో వచ్చిన ప్రకటన కాగితం వెనకవైపు పెట్టి, దాని చుట్టూ పెన్సిల్ తిప్పేది. ఒక గుండ్రం. గాజు కొంచెం జరిపి ఇంకో గుండ్రం.

"ఇది చారు పోసుకునేవాళ్లు. ఇది పెరుగు వేసుకునేవాళ్లు. మీ నాన్నకి రెండూ కావాలి. ఎక్కడ పెడతావ్?"

రెండూ కలిసిన చోట పెట్టేదాన్ని.

"దాన్నేమంటారు?"

"ఛేదనం."

"అందర్నీ కలిపితే?"

"సమ్మేళనం... అమ్మా, ఇంక చాలు."

"ఇంకొక్కటి."

ఆ ఇంకొక్కటి ఎప్పుడూ ఒక్కటితో ఆగేది కాదు.

అమ్మ లెక్కల టీచర్. తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో తొమ్మిదేళ్లు తెలుగు మీడియం పిల్లలకి చెప్పింది. నాన్న ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చాక ఆమెది డిపెండెంట్ వీసా. పని చేయకూడదు. ఇక ఆమెకి మిగిలిన క్లాసంతా నేనొక్కదాన్నే... పదమూడేళ్లదాన్ని. రోజంతా ఇంగ్లీషు విని విని తల దిమ్మెక్కి ఇంటికొస్తే, షూస్ విప్పేలోపే గాజు తీసేది.

ఆరు నెలల్లో నాకు మాట్లాడటం వచ్చేసింది. లెక్కల ఇంగ్లీషు మాత్రం రాలేదు. గుర్తులిస్తే టకటకా చేసేదాన్ని. మాటల్లో ఇస్తే ఆగిపోయేదాన్ని.

ఒక టెస్టులో అన్నీ మాటల్లోనే ఇచ్చారు. బ్యాండ్‌లో ఉన్న పిల్లలు ఇంతమంది, బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లు ఇంతమంది... నాకు తెలిసిన బ్యాండ్ రబ్బర్ బ్యాండ్ ఒక్కటే. పిల్లలు అందులో ఎందుకుంటారో అర్థం కాలేదు. రెండిట్లోనూ లేనివాళ్లని చెప్పే 'నైదర్' అన్న మాట దగ్గర ఇంకాసేపు ఆగాను. బెల్ కొట్టేశారు.

ఇరవైకి నాలుగు.

టీచర్ అమ్మానాన్నల్ని రమ్మంది. నాన్న ఆ వారమంతా వేరే ఊళ్లో క్లయింట్ దగ్గర ఉన్నాడు. అమ్మకి డ్రైవింగ్ రాదు. మంచులో ఇద్దరం నడిచి వెళ్లాం. చీర మీద నాన్న జాకెట్, సాక్సులు వేసుకుని చెప్పులు... స్కూల్ గుమ్మం దగ్గర అమ్మ కుచ్చెళ్లు తడిసిపోయి ఉన్నాయి. లోపల నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి, వాళ్లమ్మ తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూశారు. నేను తల దించుకున్నాను.

టీచర్ మంచిదే. మెల్లగా మాట్లాడింది. ఇంట్లో లెక్కల్లో సాయం చేసేవాళ్లు లేరు కదా, పాపని లెక్కలకి మాత్రం కింది స్థాయి క్లాసుకి మారుస్తాను, అక్కడ తనకి తేలిగ్గా ఉంటుంది అని చెప్పింది. అమ్మకి వివరించమని నాకు సైగ చేసింది.

నేను చెప్పాను. అమ్మ ముందుకి జరిగి కూర్చుంది.

"నేను తొమ్మిదేళ్లు లెక్కలు చెప్పానని చెప్పవే. దీనికి సమితులన్నీ వచ్చు, రానిది ఇంగ్లీషేనని చెప్పు. ఆ పేపర్ ఇమ్మను, ఇక్కడే చేయించి చూపిస్తాను."

వెనక ఆ అమ్మాయి వింటోంది. అమ్మ లేచి బోర్డు దగ్గరికి వెళ్తుందేమో, తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో మొదలుపెడుతుందేమో, గాజు తీస్తుందేమో... నాకు భయమేసింది. ఇంటికెళ్లి పడుకోవాలనిపించింది.

టీచర్‌తో ఇంగ్లీషులో అన్నాను. "అమ్మ థాంక్యూ చెప్పమంటోంది."

టీచర్ నవ్వి క్లాసు మార్పు కాగితం ముందుకి జరిపింది. అమ్మ నా వైపు ఒక్క క్షణం చూసింది. సంతకం పెట్టింది.

దారిలో "చెవులు కప్పుకో" అంది, అంతే.

ఆ సాయంత్రం కూడా గాజు తీసింది. కాకపోతే ఈసారి పక్కన మాటలు రాయించింది. సమ్మేళనం, ఛేదనం, శూన్య సమితి... ఎదురుగా ఇంగ్లీషు. ఆ తర్వాత రోజుల్లో లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని తానూ చదివింది. బ్యాండ్ అంటే స్కూల్లో వాయిద్యాలు వాయించే పిల్లల జట్టని నాకు అమ్మే చెప్పింది. మరుసటి ఏడాది నన్ను మళ్లీ పై క్లాసులో వేశారు.

అమ్మ మాత్రం మళ్లీ ఏ స్కూల్లోనూ చెప్పలేదు. వర్క్ పర్మిట్ వచ్చేసరికి చాలా ఆలస్యమైంది. ఒక స్టోర్‌లో అరలు సర్దే పనికి వెళ్లింది, మోకాళ్లు మొరాయించేదాకా. ఆ రోజు నేను చెప్పి ఉంటే ఇదంతా మారేదని కాదు... ఈ దేశంలో ఒక్క మనిషికైనా ఆవిడ టీచర్ అని తెలిసేది.

మొన్న అమ్మ, ఇప్పుడు నేనుంటున్న ప్లేనోలో మా ఇంటికి వచ్చింది. ఆఫీస్ కాల్స్‌తో అలిసిపోయి నేను, పక్క సీట్లో అమ్మ, మా పాప కోసం స్కూల్ బయట కార్ల లైన్‌లో కూర్చున్నప్పుడు, ఎందుకో అడిగేశాను.

"అమ్మా, ఆ రోజు నేను టీచర్‌కి నువ్వు చెప్పమన్నది చెప్పలేదు. తెలుసా?"

"థాంక్యూ అన్నది కూడా అర్థం కాదా నాకు?"

"మరి ఎందుకు ఊరుకున్నావ్?"

అమ్మ కిటికీలోంచి బయటికే చూస్తోంది. "నీ మొహం చూశాను. బాగా అలిసిపోయి ఉన్నావ్. ఇంకేం అంటాను?"

ముందు కారు కదిలింది. వెనకవాళ్లు హారన్ కొట్టేదాకా నేను కదల్లేకపోయాను.

ఇప్పుడు పాప స్కూల్లో భాష రాని తల్లిదండ్రుల కోసం ఫోన్‌లో అనువాదం చేసే మనిషిని పెడుతున్నారు. ఏ అమ్మ ఏ మాట అన్నా అవతలికి ఆ మాటే వెళ్తుంది. పిల్లలు పక్క కుర్చీలో కాళ్లూపుకుంటూ కూర్చుంటే చాలు... వాళ్లని చూస్తే నాకు కుళ్లుగానే ఉంటుంది.

మీలో ఎవరైనా చిన్నప్పుడు అమ్మ మాటని ఇంకొకరికి చేరవేసినవాళ్లు ఉన్నారా? ఉన్నది ఉన్నట్టు చేరవేశారా... లేక మీరూ ఏదైనా దారిలో దాచేశారా?