దారు అడిగిన పెద్దాయన

కొత్త కాపురానికి శ్రీకాకుళం నుంచి భిలాయి వచ్చిన ఆ ఏడు నాకు హిందీలో రెండే ముక్కలు వచ్చు, ‘హా జీ’, ‘నహీ జీ’ (ఏది ఎక్కడ అనాలో మాత్రం రాదు). సెక్టర్ 2 క్వార్టర్లో, మా ఆయన డ్యూటీకి వెళ్ళాక, సరిగ్గా మిట్టమధ్యాహ్నం పెరటి తలుపు అవతల టక్ టక్ మని చప్పుడు మొదలయ్యేది. తలుపు తీస్తే ఎండ తప్ప ఎవరూ ఉండరు. మూస్తే మళ్ళీ టక్. భయమని చెబితే వేరే క్వార్టరు దొరికేదాకా నన్ను పుట్టింటికి పంపేస్తారు. పెళ్ళై నెల తిరగలేదు, ఆయన్ని వదిలి ఎలా వెళ్ళను? చెవుల్లో దూది పెట్టుకున్నాను (దూదిలోంచి కూడా వినబడేది).

చివరికి పక్కింటి దీదీకి, తలుపు టక్ టక్ మని కొట్టి, ఆ చప్పుడేమిటని సైగ చేశాను. ఆవిడ గొంతు తగ్గించింది. సైగలతో చెప్పినదాన్ని బట్టి, మా క్వార్టర్లోనే పోయిన ముసలాయనట. “ఉసే దారు చాహియే, బహిన్. దారు దో, చుప్ హో జాయేగా,” అంటూ, ఇమ్మని చెయ్యి చాచి, ఇస్తే ఊరుకుంటాడని పెదాల మీద వేలు పెట్టి చూపించింది. అందులో ‘దారు’ నాకు తెలిసిన మాటే. పూరీ జగన్నాథుణ్ణి మా నాన్నమ్మ దారుబ్రహ్మ అనేది, దారువంటే చెక్క. పోయినాయనకి చెక్కెందుకని అడగడానికి నా హిందీ చాలలేదు. ‘హా జీ’ అన్నాను.

మర్నాడు విరిగిన మంచం కోడొకటి కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి పెరటి గడప మీద ఉంచాను. మధ్యాహ్నం టక్ మనలేదు. సరసరమని, పొడుగ్గా, చిత్రిక పట్టినట్టు వినిపించింది. సాయంత్రం చూస్తే కోడు లేదు. చుట్టలు చుట్టుకున్న చెక్కపొట్టు ఉంది, పసుపు అంచుతో.

నాలుగు రోజుల్లో నాలుగు కోళ్ళూ అయిపోయాయి (మంచం కోళ్ళే, కూసేవి కావు). అయిదో రోజు, వేరే చెక్క లేక, కుంటి చపాతీ పీట పెట్టాను. సాయంత్రం మా ఆయన, “పీట ఏదే?” అన్నారు.

“పెద్దాయనకిచ్చానండీ.”

“ఏ పెద్దాయనకి?”

అంతా చెప్పక తప్పలేదు. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. “ఓసి పిచ్చిదానా, దారంటే ఇక్కడ సారాయే. సీసా అడిగితే మంచం కోడిచ్చావేటి?” నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ నవ్వుతోనే గోడ మీంచి దీదీని పిలిచి, ముసలాయన అంత తాగుబోతా అని అడిగారు. ముసలాయన చుక్కయినా ముట్టేవాడు కాదట. దయ్యాలకి అదే పెడతారని, మా ముందున్నవాళ్ళంతా దారు పోసేవారట. అయినా చప్పుడు ఒక్క రోజుకి మించి ఆగేది కాదట.

“కర్తా క్యా థా?” అన్నారు మా ఆయన, ముసలాయన ఏం పని చేసేవాడని.

“బఢయీ థా,” అంది దీదీ. వడ్రంగి.

మా ఆయన మరి నవ్వలేదు.

మర్నాడు చప్పుడు లేదు. గడప మీద మా పీట ఉంది. పొట్టికాలి కింద కొత్త చెక్క అతికి ఉంది, పసుపు మరకతో.

ఇప్పుడు వైశాలి నగర్ సొంతింట్లో ఆ పీట మీదే చపాతీలు చేస్తున్నాను, ఇంతవరకూ కుంటలేదు. హిందీ గడగడా మాట్లాడతాను, దారంటే ఏమిటో బాగా తెలుసు. అప్పుడే తెలిసుంటే పెద్దాయనకి నేనూ సీసాయే పెట్టేదాన్ని. ఎప్పుడైనా మధ్యాహ్నం ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటే, పీట మీద చెయ్యి వేసి, ఎందుకైనా మంచిదని, ‘హా జీ’ అంటాను.