బీరు ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి

పాసయ్యాను. అన్ని సబ్జెక్టులూ పాసయ్యాను. మాస్టర్స్ డిగ్రీ వచ్చేసింది. పొద్దున యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్‌లో రిజల్ట్ చూసుకుని, అది నా పేరేనా కాదా అని పక్కనున్న అమ్మాయి చేత కూడా చదివించుకుని, రైల్లో నాలో నేనే నవ్వుకుంటూ వస్తుంటే, ఎదురు సీటు పెద్దావిడ లేచి వేరే పెట్టెలోకి వెళ్లిపోయింది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ని నేనే. మా నాన్న సంతకం నేర్చుకున్నదే నా అప్లికేషన్ మీద పెట్టడానికి. అలాంటి ఇంటికి ఈ వార్త చెప్పాలంటే ఇప్పుడే ఫోన్ ఎత్తాలి. కానీ ఎత్తలేను. ఇక్కడ మెల్‌బోర్న్‌లో టిఫిన్ల వేళంటే అక్కడ ప్రొద్దుటూరులో ఇంకా చీకటి. ఆ వేళప్పుడు ఫోన్ మోగితే శుభవార్త అని ఎవరూ అనుకోరు. నేను ‘పాస్’ అనేలోపే అమ్మ ఏడుపు అందుకుంటుంది. అందుకని వాళ్లకి తెల్లారేదాకా నాకు మీరే దిక్కు.

ఊరికే కూర్చోబెట్టను. ఈ డిగ్రీ చదువుతూ నేను చేసిన ఒక ఘోరం చెప్తాను. చచ్చిపోయిన ఒక మహాతల్లి సంవత్సరీకాన్ని ఇడ్లీ పిండితో పాడుచేసినవాడు భూమ్మీద నేనొక్కణ్నే అనుకుంటా.

నేను విమానం ఎక్కేముందు మా ఊళ్లో అందరూ ఒకటే మాట. కంప్యూటర్ ముక్క వస్తే చాలు, ఎయిర్‌పోర్టులోనే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఉద్యోగం ఇస్తారట. నేను దిగేసరికి రెండువేల సంవత్సరం వచ్చేసింది. తేదీ మారగానే కంప్యూటర్లన్నీ పిచ్చెక్కిపోతాయని లోకమంతా భయపడింది గానీ, ఏ కంప్యూటరూ పేలలేదు, ఏ విమానమూ పడలేదు. ఆ భయంతో పనిలో పెట్టుకున్న వాళ్లందరినీ ఇళ్లకి పంపేశారు. ప్రపంచం మునిగిపోనందుకు నష్టపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారంటే అది మేమే. దానికి తోడు మొదటి సెమిస్టర్లోనే ఒక సబ్జెక్టు పోయింది. బయట చూస్తే వాన. మన వానలా కురిసి పోయేది కాదు, అద్దెకున్నవాడిలా ఇల్లు ఖాళీ చెయ్యని వాన.

ఊరి పక్క ఫుట్‌స్క్రే అనే పేటలో కెవిన్ అనే ముసలాయన ఇంట్లో వెనక గది మాది. నేను, నంద్యాల మస్తాన్. మస్తాన్ నా క్లాస్‌మేటు, నమాజు తప్పని మనిషి, నాకన్నా తెలివైనవాడు. ఈ మూడు సంగతులూ కథలో పనికొస్తాయి. కెవిన్ భార్య మార్గరెట్ పోయింది అంతకుముందు చలికాలంలో. అప్పట్నుంచి ఆయన టీవీలో ఫుట్‌బాల్ పెట్టుకుని, సౌండు తీసేసి చూసేవాడు. ఆ ఇంట్లో మాట్లాడేది కేటిల్ ఒక్కటే.

ఆ ఇంటి గ్యారేజీలో ఒక పాత ఫ్రిజ్ ఉంది. అది చల్లబెట్టడానికి కాదు, బీరు పులియబెట్టడానికి. లోపల మూత బిగించిన పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము. డ్రమ్ముకి టేపుతో అతికించిన ఒక తీగ. ఆ తీగ చివర బయట డయలున్న చిన్న పెట్టె. డ్రమ్ము వేడెక్కిందని తీగ చెప్తే ఫ్రిజ్ ఆన్ అవుతుంది. చల్లబడిందని చెప్తే, లోపల పెయింటు డబ్బాలో దాచిన బల్బు వెలిగి వెచ్చబెడుతుంది. డయల్ పద్దెనిమిది డిగ్రీల మీద పెడితే బయట మంచు కురిసినా మంటలు రేగినా లోపల పద్దెనిమిదే. మా ప్రొఫెసర్ ఒక సెమిస్టరంతా చెప్పి నాకు ఎక్కించలేకపోయిన పాఠం ఆ డొక్కు ఫ్రిజ్ చూడగానే ఎక్కింది.

కెవిన్ మాటలు తెలుగులోనే చెప్తాను. ఆయన ఇంగ్లీషు నాకే సగం అర్థమయ్యేది.

“ఓబీ, ఇటు రా మేట్,” అన్నాడొక రోజు. నా పేరు ఓబులేసు. ఆయన నోటికి అంతవరకే వచ్చింది. “ఈస్ట్ అంటే తెలుసా?”

“మేం పాలల్లో వేసే తోడు లాంటిదా?”

“అదేంటో నాకు తెలీదు. మార్గ్ దీన్ని ముప్పై ఏళ్లు బతికించింది. ప్రతిసారీ బీరు అడుగున మిగిలిన ఈస్ట్ తీసి సీసాలో దాచేది, మళ్లీ దానితోనే కొత్త బీరు. ఇదిగో, ఆఖరి సీసా మొత్తం ఇందులో పోసేశాను. ఇంక దీని వెనకాల ఏం లేదు.”

“ఎవరికి ఈ బీరు?”

“ఆమె పోయి ఏడాదయ్యే రోజు ఆమె స్నేహితులంతా వస్తారు. అందరికీ ఇదే పోస్తాను.” ఆయన ఫ్రిజ్ తలుపు మెల్లగా మూశాడు. “ఈసారి సరిగ్గా రావాలి. ఆమె కోసమైనా.”

సంవత్సరీకం. మేం పిండం పెడతాం, వాళ్లు బీరు పోస్తారు, అంతే తేడా.

“నేను బెండిగో వెళ్తున్నాను, అక్క దగ్గరికి. ఆదివారానికి వస్తా. ఈ తలుపు తియ్యొద్దు.”

“తియ్యను.”

“ఆ డయల్ ముట్టుకోవద్దు.”

“ముట్టుకోను.”

ఈ రెండు మాటలూ నేను మనస్ఫూర్తిగానే అన్నాను. ఆ పూట నాకు ఇడ్లీలు గుర్తుకు రాలేదు, అంతే.

మర్నాడు గుర్తొచ్చాయి. వారాల తరబడి బ్రెడ్డు తిని తిని నా నోరు స్పాంజిలా తయారైంది. సబ్జెక్టు పోయిన మనిషికి కనీసం ఇడ్లీ అయినా ఉండొద్దా? అప్పు తెచ్చిన మిక్సీలో పప్పూ బియ్యమూ రుబ్బి గిన్నెలో పెట్టాను. పొద్దున చూస్తే పిండి పెట్టింది పెట్టినట్టే ఉంది. ఇంకో రోజు ఆగాను. కదల్లేదు. గిన్నెకి నా స్వెటర్ తొడిగాను, దుప్పటి కప్పాను, పక్కన వేడినీళ్ల సీసా పడుకోబెట్టాను. కన్నబిడ్డకి జ్వరమొస్తే కూడా అంత సేవ చెయ్యరు. ఒక్క బుడగ రాలేదు.

“సచ్చిపోయింటాది, పారెయ్ రా,” అన్నాడు మస్తాన్.

“సావలేదు. సలికి ముడుక్కోని ఉండాది. వెచ్చగా ఒక తావుంటే లేస్తాది.”

“యాడుంది తావు? మనకే లేదు.”

నేను గ్యారేజీ వైపు చూశాను. వాడు నా వైపు చూశాడు.

“ఓబులేసూ, వద్దప్పా. ఆ ముసలాయప్ప ఏం చెప్పిపోయినాడు?”

“డ్రమ్ము ముట్టుకోను కదరా. అది ఒక మూలకి, ఇది ఒక మూలకి. అదీ పులిసేదే, ఇదీ పులిసేదే. కులం ఒకటే.”

“నాకైతే ఆ పెట్టెలోనుంచి వచ్చిన ఇడ్లీ వద్దు. ఆ సారాయి ఆవిరి తగిలింది నేను తినను. ముందే చెప్తాండా.”

“నీ వాటా నేనే తింటాలే.”

పెట్టాను. పొద్దున్నే వెళ్లి చూస్తే డ్రమ్ము మూత మీది గొట్టంలోంచి బీరు బుడుక్ బుడుక్‌మని హాయిగా ఊపిరి తీస్తోంది. నా పిండి మాత్రం శవంలా పడుకుని ఉంది. పద్దెనిమిది బీరుకి చాలు, ఇడ్లీకి చాలదు. మన పిండికి ప్రొద్దుటూరు కావాలి.

మామూలు మనిషి అక్కడితో ఆగిపోయేవాడు. నేను కంప్యూటర్ సైన్సు చదువుతున్నవాణ్ని. డ్రమ్ము మీది టేపు ఊడదీసి, తీగ చివర పాలిథిన్ కవరు చుట్టి, ఇడ్లీ పిండిలో ముంచాను. డయల్ ముప్పైకి తిప్పాను. ఇప్పుడు ఫ్రిజ్ నా పిండి మాట వింటుంది. బీరు సంగతి అడిగేవాడు లేడు. ఈ చిన్న లోపం ఆ క్షణాన నాకు కనిపించలేదు. నా సబ్జెక్టు ఎందుకు పోయిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

“ఏం జేసినావురా?” అన్నాడు మస్తాన్.

“కంట్రోల్ నా చేతికి తీసుకున్న.”

“కెవిన్‌కి ఏం చెప్తావు?”

“ఆయప్ప వచ్చేలోపు మళ్లా పద్దెనిమిదికి తిప్పుతా. బీరుకి నోరుందా ఏంది, చెప్పడానికి?”

శనివారం పొద్దున గ్యారేజీలోంచి కుక్కర్ కూతకొచ్చిన చప్పుడు. పరిగెత్తాను. తలుపు తీస్తే లోపలి వేడి మొహానికి కొట్టింది. పిండి లేచింది. లేచి, గిన్నె దాటి, అర దాటి, తీగ చివరను తలుపు సందులోంచి బయటికి నెట్టేసి, తెల్లగా కారుతోంది. బయటపడ్డ తీగ చలిగాలికి తగిలి ‘ఇంకా చల్లగా ఉంది, ఇంకా చల్లగా ఉంది’ అని పెట్టెకి చాడీలు చెప్తుంటే, బల్బు ఆరకుండా వెలుగుతూనే ఉంది. డ్రమ్ము మీద చెయ్యి పెడితే జ్వరమొచ్చిన పిల్లాడి ఒళ్లు. గొట్టంలో బుడుక్ బుడుక్ లేదు, పూనకమొచ్చినట్టు నురగ కక్కుతోంది. అరటిపళ్ల గంప మీద నెయిల్ పాలిష్ ఒలికిస్తే వచ్చే వాసన.

“నేను చెప్పినాను,” అన్నాడు మస్తాన్ వెనకనుంచి.

“చెప్పినావు. ఇప్పుడు గుడ్డ తీసుకురా.”

ఇద్దరం తుడిచాం. తీగ మళ్లీ డ్రమ్ముకి అంటించాను, డయల్ తిప్పాను. ఫ్రిజ్ లారీలా గర్జిస్తూ చల్లబెట్టడం మొదలుపెట్టింది. మిగిలిన పిండితో ఇడ్లీలు పెట్టాను. ఏం చెప్పమంటారు, దూది. మా అమ్మ చేతికి కూడా అంత మెత్తగా రాలేదు. ఒక్కో ఇడ్లీ తింటుంటే ఒక్కో పాపం గొంతు దిగినట్టుంది. మస్తాన్ కార్న్‌ఫ్లేక్స్ తింటూ నన్నే చూశాడు.

ఆదివారం కెవిన్ వచ్చాడు. గ్యారేజీలోకి వెళ్లాడు. చాలాసేపు బయటికి రాలేదు. తర్వాత మా గది తలుపు కొట్టి, చెయ్యి చాపాడు. అరచేతిలో ఎండిన తెల్లటి పెచ్చు.

“తీగ మీద ఉంది. ఇదేంటి మేట్? సున్నమా?”

మస్తాన్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

“ఇడ్లీ పిండి,” అన్నాను.

“తినేదా?”

“తినేదే.”

“నా ఫ్రిజ్‌లో పెట్టావు.”

“పెట్టాను కెవిన్. వెచ్చగా ఉంటుందని.”

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. మా నాన్నయితే వీధి మొత్తానికి వినపడేలా తిట్టి, సాయంత్రానికి అన్నం తిన్నావా అని అడిగేవాడు. కెవిన్ ఆ పెచ్చు జేబులో వేసుకుని, వెళ్లి, సౌండు లేని టీవీ ముందు కూర్చున్నాడు. తర్వాతి వారమంతా ఇల్లు మార్చురీలా ఉంది. నేను గది కోసం వేరే చోట్ల అడగడం మొదలుపెట్టాను. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

“ఈస్ట్ చచ్చిపోయిందా కెవిన్?”

“చావలేదు. వేడెక్కింది, అంతే. అడుగున మిగిలింది సీసాలోకి తీశాను. కానీ బీరు పోయింది. మళ్లీ చెయ్యడానికి టైము లేదు. ఉన్నదే పొయ్యాలి.”

ఆ రోజు రానే వచ్చింది. సన్నగా వాన. పెరట్లో రేకుల కింద ముసలివాళ్లంతా కోట్లు వేసుకుని నిలబడ్డారు. కెవిన్ ఒక్కొక్కరికీ గ్లాసు అందించాడు, నాకూ ఇచ్చాడు. మస్తాన్‌కి ఆరెంజ్ జ్యూస్. నేను గోడకి ఆనుకుని, ఉరి తీసేముందు నిలబడ్డవాడిలా నిలబడ్డాను.

“మార్గ్‌కి,” అన్నాడు కెవిన్. అందరూ తాగారు.

మార్గరెట్ చెల్లెలు ఐరీన్ గ్లాసు దించి, దానివైపు అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆవిడ కళ్లలో నీళ్లు. అయిపోయాను అనుకున్నాను.

“కెవ్,” అంది ఆవిడ. “ఇది మార్గ్ బీరే.”

“అవును,” అన్నాడు పక్కనున్న ముసలాయన, ముక్కు మూసుకుని ఇంకో గుక్క తాగుతూ. “అదే నెయిల్ పాలిష్. ప్రతి క్రిస్మస్‌కీ ఇదే కదా మన ప్రాణం తీసేది.”

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ఐరీన్ నవ్వుతూనే ఏడ్చింది.

కెవిన్ మాత్రం నవ్వలేదు. నా దగ్గరికొచ్చి గోడకి ఆనుకున్నాడు.

“ఆ డయలూ తీగా ఆమె పోయాక నేను కొన్నాను. ఆమె అలాంటివి నమ్మేది కాదు. ఎండాకాలం ఆ రేకుల గ్యారేజీలోనే పెట్టేసేది. ముప్పై ఏళ్లు ఆ దరిద్రం తాగి, బాగుంది డియర్ అన్నాను. ఒక్కసారి ఆమె ఈస్ట్‌తోనే మంచి బీరు చేసి, వీళ్ల నోళ్లు మూయిద్దామనుకున్నా.”

“క్షమించండి కెవిన్.”

ఆయన ఇంకో గుక్క తాగాడు. గొంతు దిగేటప్పుడు మొహం వంకర పోయింది. ఆ వంకర మొహంతోనే చాలాసేపు ఆ గ్లాసులోకి చూశాడు.

“నేను ఎంత ప్రయత్నించినా ఈ రుచి తెప్పించలేకపోయేవాణ్ని,” అన్నాడు. “ఎంత మీద పెట్టావ్?”

“ముప్పై.”

“ముప్పై,” అన్నాడు ఆయన, మంత్రం నేర్చుకుంటున్నవాడిలా. ఆ రాత్రి టీవీకి సౌండు వచ్చింది.

కాబట్టి సకల జనులకూ తెలియజేసుకునేదేమంటే: ప్రొద్దుటూరు ఓబులేసు అనే నేను, ఈ క్షణం నుంచి ఊపిరున్నంతవరకు, స్వదేశంలోగానీ పరదేశంలోగానీ, ఆకలితోగానీ జ్ఞానంతోగానీ, పరాయివాళ్ల ఫ్రిజ్ తలుపు తియ్యను, పరాయివాళ్ల డయల్ తిప్పను, పులుస్తున్న ఏ వస్తువుకీ డాక్టరుగిరీ చెయ్యను. ఇడ్లీ తినాలనిపిస్తే దోసె తిన్నట్టు ఊహించుకుని పడుకుంటాను.

అదిగో, అక్కడ తెల్లారే వేళయింది. ఇంక నన్ను ఆపకండి, ఫోన్లు చెయ్యాలి. ముందు పక్కింటి లక్షుమ్మత్తకి, ఎందుకంటే మా ఇంట్లో ఫోన్ లేదు, ఆమె గోడ మీంచి కేకేస్తే అమ్మ వస్తుంది. తర్వాత మిల్లుకి, నాన్న డ్యూటీ ఎక్కేలోపు. ఫీజు కట్టలేనప్పుడు నన్ను క్లాసులోనే కూర్చోనిచ్చిన లెక్కల సారుకి. డిగ్రీ దాకా పోడు అని పందెం కాసిన చిన్నమామకి. పెర్త్‌లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయిన మస్తాన్‌కి. బెంగళూరులో చెల్లెలి హాస్టల్‌కి, వార్డెన్ ఎత్తినా సరే, ఆమెకే చెప్పేస్తాను.